ట్యాంకు విధులు, బాధ్యతలు

జూన్ 4

ఈ డైరీ అంతర్గత వినియోగానికి మాత్రమే. ఇందులోని అభిప్రాయాలు రచయితవి. వాటికి రచయిత బాధ్యుడు కాడు.

నేపథ్యం: నా భార్య కృత్రిమ అవయవాల వర్క్‌షాపులో పనిచేస్తుంది. గత నెల అక్కడ ఒక వీడ్కోలు సభ జరిగింది. సభలో ఆమె ఒక సంఘటన చెప్పడం మొదలుపెట్టింది. కొలతల కోసం తొడిగిన కొత్త కాలుతో నాలుగడుగులు వేసి చూడమంటే, ఒక పెద్దాయన గేటు దాటి, బస్సెక్కి, నేరుగా ఇంటికి వెళ్ళిపోయిన వైనం. ఆ కథ నాకు తెలుసు. ఆమె బస్సు దాకా వచ్చేసరికి, శ్రోతల సౌకర్యార్థం, మిగతాది నేను పూర్తి చేశాను. అందరూ పగలబడి నవ్వారు. తిరిగి వస్తుంటే ఆమె, "ఇకనుంచి నా మాటలన్నీ నువ్వే మాట్లాడెయ్. నాకూ పని తగ్గుతుంది" అంది.

అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడడం లేదనడం సరికాదు. ప్రకటనలు చేస్తుంది. "పాలు విరిగాయి." "కరెంటు బిల్లు వచ్చింది." ప్రకటనలకు సమాధానం ఎవరూ ఆశించరు.

ప్రస్తుత పరిస్థితి: సాయంత్రం అయ్యేసరికి ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆ గదికీ నేను కూర్చునే ముందు గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. దాని అవతలినుంచి నవ్వు వినిపిస్తుంది. ఆమె ఒక ఆన్‌లైన్ ఆట ఆడుతుంది. వేలమంది ఎవరి ఇళ్ళలో వారు కూర్చుని, ఒకే లోకంలో కత్తులూ మంత్రదండాలూ పట్టుకుని తిరిగే ఆట. వారికొక ప్రత్యేక భాష ఉంది. గోడలోంచి ఆ పదాలు వింటాను. ఒక్కటీ అర్థం కాదు.

తీర్మానం: సదరు పరిభాషపై ప్రాథమిక అధ్యయనం చేపట్టడమైనది. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో డిప్యూటీ రిజిస్ట్రారుగా పదాలకు నిర్వచనాలు రాయడం నాకు అలవాటైన పనే. ఇందులో వ్యక్తిగత ఆసక్తి ఏమీ లేదు.

జూన్ 6

ఆటలో పేరు నమోదు చేసుకున్నాను. నేను కోరిన గంభీరమైన పేర్లన్నీ ఇదివరకే ఎవరో తీసేసుకున్నారు. చివరికి 'తాబేలు' మంజూరైంది. డాలు ఒకటి, మొండి కత్తి ఒకటి ఇచ్చి ఎలుకల కొట్టంలో వదిలారు.

అందరికీ కనబడే చాట్‌లో ఇలా రాశాను: "సభ్యులకు నమస్కారం. ఎలుకలను సంహరించు విధానమును దయచేసి తెలియజేయగలరు."

వెంటనే జవాబు వచ్చింది: "నూబ్."

నూబ్: అనుభవం లేనివాడు. నామవాచకం, సంబోధనగానూ చెల్లుతుంది. మా ఆఫీసులో వీరిని ప్రొబేషనరీ అంటాం, ఇంత ఆప్యాయంగా మాత్రం కాదు.

జవాబిచ్చినవాడి పేరు సుత్తి. కార్ల డెంటింగ్ షెడ్డులో పని. "నీ భాషేంటి అన్నా, కోర్టు నోటీసులా ఉంది? ముందు ఎలుకల్ని గ్రైండ్ చెయ్" అన్నాడు.

గ్రైండ్: ఒకే పనిని, మనిషికి విసుగు పుట్టి ఆ విసుగుకే విసుగు పుట్టేదాకా చేయడం. ఇది ఆట ఎలా అయిందో, జవాబు పత్రాలు దిద్దడం ఎందుకు కాలేదో పరిశీలించవలసి ఉంది.

జూన్ 7

ఎలుకలు.

జూన్ 8

ఎలుకలు. అధ్యయనం సంతృప్తికరంగా సాగుతోంది.

జూన్ 12

సుత్తి నన్ను తన పార్టీలోకి, అంటే కలిసి ఆడే జట్టులోకి, పిలిచాడు. "మాకు ట్యాంకు లేడన్నా, ఉన్నవాడికి పెళ్ళయిపోయింది. నువ్వు రా. లీడరక్క తిడుతుంది గానీ మనసు మంచిది."

లీడరక్క ఎవరో నాకు తెలుసు. ఆ పార్టీ పేరును నేను నా భార్య స్క్రీన్ మీద ఒకసారి చూసి ఉండడమూ, ఆ పేరు తగిలించుకున్న సుత్తి ఎక్కడ తిరిగితే అక్కడే నేను ఎలుకల్ని చంపుతూ ఉండడమూ కేవలం యాదృచ్ఛికం.

పార్టీ నిర్మాణం: ట్యాంకు ముందు నిలబడి దెబ్బలు తింటాడు. హీలరు వెనక నిలబడి అతనికి ప్రాణం పోస్తూ ఉంటుంది. మా పార్టీలో హీలరు, లీడరు ఒకరే. మిగిలిన ఇద్దరూ శత్రువును కొట్టే పని చూసుకుంటారు. సుత్తి ఒకడు. రెండోవాడి పేరు ఆవలింత. టోల్ గేటులో రాత్రి డ్యూటీ చేస్తాడు. డ్యూటీకి ముందు ఆడి వెళ్తాడు కనుక మైకులో బాణాల చప్పుడు కన్నా ఆవలింతలే ఎక్కువ.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. నా భార్య మాట నాకు రెండుసార్లు వినబడింది. ముందు గోడలోంచి, రెప్పపాటు తర్వాత చెవిలో. ఈ జాప్యాన్ని లాగ్ అంటారు. చెప్పడానికీ చేరడానికీ మధ్య ఉండే కాలం అని అర్థం. అయితే ఇక్కడ దగ్గరి దారి గోడదే.

"తాబేలా? భలే పేరు. సరే తాబేలన్నా, నేను చెప్పేదాకా కదలొద్దు. మైకుందా?"

మైకు పాడైందని టైపు చేశాను. అది అబద్ధం కాదు, ముందుజాగ్రత్త.

ఆమె నన్ను అన్నా అని పిలిచింది. వైవాహిక బంధం దృష్ట్యా ఈ సంబోధన చెల్లుబాటు గురించి న్యాయసలహా తీసుకోవలసి ఉంది. ఎవరిని అడగాలో తెలియడం లేదు.

జూన్ 13

అగ్రో: శత్రువు దృష్టి. ఎవరు ఎక్కువ హడావుడి చేస్తే శత్రువు వారి మీద పడతాడు. అందరి మీదినుంచీ ఆ దృష్టిని లాగి తనమీద వేసుకోవడమే ట్యాంకు ఉద్యోగం.

"నువ్వు పుట్టుకతోనే ట్యాంకువి అన్నా" అన్నాడు సుత్తి. "నువ్వు అడుగుపెడితే చాలు, అన్నీ నీవైపే చూస్తున్నాయి."

"అవును, ఇతనికి అది సహజంగా వచ్చింది" అని నా భార్య ఏకీభవించింది. ఎక్కడికి వెళ్ళినా అందరూ నావైపే చూసేలా చేసుకోవడం ఒక అర్హతగా నమోదు కావడం నా సర్వీసులో ఇదే ప్రథమం.

ఆ ఉత్సాహంలోనే ఒక సంఘటన జరిగింది. వైద్యం చేసేకొద్దీ హీలరుకు మానా అనే శక్తి తరిగిపోతుంది. తరిగినప్పుడు ఆమె కాసేపు కూర్చోవాలి. ఆమె లేచి 'రెడీ' అన్నాకే ట్యాంకు పుల్ చేయాలి, అంటే శత్రువును రెచ్చగొట్టి పోరు మొదలుపెట్టాలి. ఈ నిబంధన నాకు లిఖితపూర్వకంగా అందలేదు. ఆమె ఇప్పుడో ఇంకాసేపటికో లేస్తుందనే సదుద్దేశంతో నేను ముందుకు వెళ్ళాను. ఫలితం వైప్; అనగా పార్టీలో ప్రాణాలతో ఎవరూ మిగలకపోవడం.

"ఒరేయ్ తాబేలూ! సారీ, తాబేలన్నా. నేను కూర్చుని ఉన్నానా లేదా? రెడీ అన్నానా? అనలేదు కదా? మరి రెడీ అని నువ్వెలా అనుకున్నావ్? నువ్వే అడిగి, నువ్వే జవాబు చెప్పేసుకున్నావా? నేనిక్కడ మనిషిననుకున్నావా, బల్లననుకున్నావా?"

చాలాసేపు తిట్టింది. రెండు మార్గాల్లోనూ విన్నాను. ఆమె నాతో ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. సాయంత్రం ఆహ్లాదకరంగా గడిచింది.

జూన్ 15

ఏఎఫ్‌కే: కీబోర్డు దగ్గర లేను అని తెలిపే సంక్షిప్త ప్రకటన. నా అనుభవంలో ఇంత పొట్టి సెలవు దరఖాస్తును చూడలేదు.

ఆమె "ఏఎఫ్‌కే, నీళ్ళు" అని వెళ్ళింది. నాకూ దాహం వేసింది. నేనూ ఏఎఫ్‌కే టైపు చేసి లేచాను. వంటగదిలో ఫిల్టరు దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. ఆమె గోళ్ళలో ఎప్పటిలాగే ప్లాస్టర్ పొడి. నా మెడలో హెడ్‌ఫోన్.

"మీటింగా?" అంది. నెల రోజుల తర్వాత మొదటి ప్రశ్న.

"అవును. ఒక కమిటీ."

"పాపం. వాళ్ళని కూడా కాస్త మాట్లాడనియ్."

సీసా నింపుకుని వెళ్ళిపోయింది. నేను గ్లాసు పట్టుకుని, ఆమె తలుపు చప్పుడయ్యే వరకు ఆగి, వచ్చి కూర్చున్నాను.

"ఇద్దరూ ఒకేసారి పోయారు, ఒకేసారి వచ్చారు" అన్నాడు ఆవలింత. "ఒకే కొళాయి దగ్గర నీళ్ళు తాగొచ్చారా ఏంటి?"

అందరికన్నా ఎక్కువగా ఆమే నవ్వింది. ఏదో ఒకటి టైపు చేయాలి కనుక నేను "హహ" అని టైపు చేశాను.

జూన్ 18

ఆట మధ్య విరామంలో ఆమె, "మీకో మాట చెప్పాలి" అంది.

వర్క్‌షాపు వాళ్ళు వేరే ఊళ్ళో కొత్త యూనిట్ పెడుతున్నారు. ఇక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణం. దానికి ఆమెను ఇన్‌చార్జిగా వెళ్ళమన్నారు. పిల్లల కాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక విభాగం. ఎలా నడపాలో అంతా ఆమె ఇష్టం. నెలాఖరులోగా ఔనో కాదో చెప్పాలి.

ఇది నాకు తెలియదు. నేను ఇక్కడే, గోడకు ఇవతలే ఉన్నాను.

"బావగారేమన్నారు?" అన్నాడు సుత్తి. బావగారంటే నేను. అంటే తాబేలు కాదు, నేను.

"ఆయనకింకా చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు శ్రద్ధగా వింటాడు, సగం దాకా. ఆ తర్వాత నాకేది మంచిదో తనే తేల్చి, కారణాలు ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టి, పొద్దున్నకల్లా అది నా నిర్ణయమేనని నలుగురికీ చెప్పేస్తాడు. అంత బాగా చెప్తాడు కదా, నాకూ నిజమేననిపిస్తుంది. అదీ నా భయం."

ఆవలింత కూడా ఆవలించలేదు.

"తాబేలన్నా, నువ్వు కాస్త పెద్దవాడిలా కనిపిస్తావు. నువ్వు చెప్పు. వెళ్ళనా?"

స్వప్రయోజనం ఉన్న అంశంపై అభిప్రాయం చెప్పరాదని మా విశ్వవిద్యాలయ నిబంధన. రాసింది నేనే. అయినా నా వేళ్ళు ఇలా టైపు చేశాయి: "అన్ని కోణాలనుంచి పరిశీలించి, కుటుంబంతో సంప్రదించి నిర్ణయించుకోవడం సముచితం. ప్రస్తుత స్థానంలో కొనసాగడం వలన మూడు ప్రయోజనాలు కలవు. ఒకటి,"

"అమ్మో!" అందామె. "ఇతను అచ్చం మా ఆయనలాగే ఉన్నాడు!"

ముగ్గురూ విరగబడి నవ్వారు. నేను ఏఎఫ్‌కే అని పెట్టి, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చున్నాను.

జూన్ 19

ఏమీ జరగలేదు.

జూన్ 20

ప్రకటన: "అటక మీది సూట్‌కేసు దింపాలి." ఏ ప్రయోజనం నిమిత్తమో ప్రకటనలో పేర్కొనలేదు. దింపాను. దుమ్ము తుడిచాను. ఒక చక్రం కీచుమంటుంటే నూనె వేశాను.

జూన్ 21

ఏమీ జరగలేదు. రెండవసారి నమోదు చేయడమైనది.

జూన్ 22

పరిస్థితి సమీక్ష. భర్త మాట ఆమె వినదు. తాబేలు మాట నవ్వుతూనైనా వింటుంది. కావున తాబేలు ద్వారా చెప్పించడం ఆచరణీయం. ఈ మేరకు ముసాయిదా సిద్ధం చేశాను: "అక్కా, నేను ఆ ఊళ్ళో కొన్నాళ్ళు ఉన్నాను. నీళ్ళు మంచివి కావు. మనుషులు అంతకన్నా."

ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు.

పంపలేదు. పంపకపోవడానికి కారణం నీతి అని రాసుకోవాలనుంది. ఈ రోజు ఆమె ఆటకు రాలేదు, అంతే.

జూన్ 24

ఆదివారం, మధ్యాహ్నం. గుహ అడుగున ఉండే పెద్ద రాక్షసుడి మీదికి వెళ్ళాం. ఇంతకుముందు ఈ పార్టీ ఎప్పుడూ గెలవని పోరాటం. ఇటువంటి పోరులో పెద్ద శత్రువుతో పాటు యాడ్స్ వస్తాయి. అంటే మనం ఒకడితో తలమునకలై ఉండగా పక్కనుంచి వచ్చి చేరే చిల్లర శత్రువులు. హీలరు ఒంటిమీద కవచం ఉండదు. అవి ఆమెను చేరితే ఇక 'వైప్' తప్పదు.

నేను రాక్షసుడి ముందు డాలు పట్టుకుని నిలబడ్డాను. నా ప్రాణం తగ్గడం, ఆమె చెయ్యెత్తగానే మళ్ళీ నిండడం, చాలాసేపు అదే జరిగింది. చేయవలసిందల్లా నిలబడడమే. అది నాకు నచ్చింది.

అప్పుడు గుహ గోడలోని కన్నంలోంచి అవి వచ్చాయి. సరిగ్గా ఆమె వెనకనుంచి. ఆమె చూపు నా మీదే ఉంది. సుత్తి, ఆవలింత అటు తిరిగి లేరు. చూసింది నేనొక్కడినే. టైపు చేసే వ్యవధి లేదు.

"వెనక! నీ వెనక! ఇటొచ్చెయ్, నా దగ్గరికొచ్చెయ్!"

అరిచాను. నా మైకు ఆపి ఉంది. ఆ కేక ఆటలోకి వెళ్ళనే లేదు. ప్లైవుడ్ గుండా వెళ్ళింది.

ఆమె ఒక్క గెంతులో నా డాలు వెనక్కి వచ్చేసింది. యాడ్స్ అన్నీ నా మీద పడ్డాయి. కాసేపటికి రాక్షసుడు కూలాడు.

"జీజీ! జీజీ!" అని సుత్తి కేకలు పెట్టాడు. ఆట బాగా జరిగింది అని దాని అర్థం. ఆవలింత మాత్రం, "అక్కా, అంత కరెక్టుగా ఎలా జరిగావ్? వీపుకి కళ్ళున్నాయా?" అన్నాడు.

కొంతసేపటికి, "తాబేలన్న చెప్పాడు" అంది.

"ఎప్పుడు? మాకేం వినపడలేదే! ఆయన మైకు పాడు కదా?"

"నాకు వినపడింది."

ఆ మాట నాకు ఒక్కసారే వినబడింది. అప్పటికి నేను హెడ్‌ఫోన్ తీసేశాను.

అదే రోజు, సాయంత్రం

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎలుకలనుంచి."

"ఎలుకలేంటి?"

"మొదట్లో ఎలుకల్ని చంపమంటారు కదా. అప్పటినుంచి."

ఉతికిన బట్టలు పోసి ఉన్న కుర్చీని ఖాళీ చేయకుండానే, బట్టల మీదే కూర్చుంది. "నాతో మాట్లాడడానికి వేషం కట్టావా? తలుపు కొట్టలేవా?"

"కొడితే ప్రకటన వస్తుందనుకున్నా."

ఆమె నవ్వలేదు. "అక్కడ నేను ఏదైనా మొదలుపెడితే, ఆఖరిదాకా నేనే చెప్తాను. వాళ్ళు వింటారు. నాకున్నది ఆ ఒక్క చోటు. అందులోకి కూడా వచ్చేశావు. నువ్వని తెలిస్తే నేను ఆ మాటలు అనేదాన్నా?"

ఇందుకు నా దగ్గర వివరణ ఉంది. మూడు అంశాలు. ఇవ్వలేదు. ఆమె కొత్త యూనిట్ గురించి మొదటినుంచీ చెప్పింది. పిల్లలు పెరుగుతారు కనుక ఏడాదికోసారి వాళ్ళ కాళ్ళు మార్చాలట. పాత కాలును కొందరు ఇవ్వనని ఏడుస్తారట. మధ్యలో ఆమె ఒకచోట ఆగి మాట కోసం వెతుక్కుంది. ఆ మాట నాకు తెలుసు. నాలుక చివరే ఉంది. ఆమెకు దొరికేదాకా బట్టల కుప్పకేసి చూశాను. ఆమెకు దొరికింది నేననుకున్న మాట కాదు. దానికన్నా బాగుంది.

"మొన్న అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు. వెళ్ళనా?"

"వెళ్ళొద్దనుంది."

"కారణాలు?"

"ఒకటే. నువ్వు లేకపోతే నాకు బాగుండదు."

"అది నీ కారణం."

"నాదే."

"నాకేది మంచిదో చెప్పవా?"

"తెలియదు."

చాలాసేపు నావైపు చూసింది. "వెళ్తున్నాను. రేపు ఔనని రాసిస్తాను."

"సరే." తర్వాత అడిగాను. "నేనూ రావచ్చా?"

"ఇప్పుడే కాదు. ముందు ఒక్కదాన్నే ఉండి చూసుకోవాలి. రమ్మనాలనిపిస్తే నేనే అంటాను."

"అంటే ఎప్పటికి?"

"చూశావా, పుల్ చేసేస్తున్నావ్" అంది. "నేనింకా కూర్చునే ఉన్నాను."

జూన్ 27

తాబేలు ఎవరో పార్టీకి ఆమే చెప్పింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను నూబ్ అన్నది బావగార్నా!" అన్నాడు సుత్తి.

"నువ్వు అన్నది సరే" అన్నాడు ఆవలింత, మొదటిసారిగా పూర్తిగా మేలుకుని. "అక్క ఆయన్ని అన్నా అన్నా అని పిలిచిందిరా! నెత్తిన ఎన్ని నీళ్ళు పోసుకోవాలో!"

"ఆ పాపం సర్వర్ మీదికి పోతుందిలే" అంది నా భార్య. "ఇతను ఉండాలా, పోవాలా, మీరు చెప్పండి. నేను చెప్పను."

"ట్యాంకులు దొరకడం కష్టమక్కా" అన్నాడు సుత్తి.

నా కొనసాగింపునకు కారణం గుణగణాలు కావని, కొరత అని నమోదు చేయడమైనది.

జూలై 5

ఆమెను సాయంకాలపు రైలు ఎక్కించి వచ్చాను. సూట్‌కేసు బోగీ దాకా చప్పుడు లేకుండా దొర్లింది. కిటికీలోంచి ఆమె ఏదో చెప్పబోయి, మానేసి, చెయ్యి ఊపింది. అదేమిటో ఊహించడానికి ప్రయత్నం చేయలేదు. ఈ వాక్యం పూర్తిగా నిజం కాదు. ఇంటికి వచ్చేదాకా అదే పనిమీద ఉన్నాను.

ఇల్లు శుభ్రంగా ఉంది. ప్రకటనలు లేవు.

ఆటలోకి వెళ్ళాను. సుత్తి, ఆవలింత గుహ ముఖద్వారం దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె పేరు పక్కన దీపం ఆరి ఉంది. రైల్లో సిగ్నల్ ఉండదు. అక్కడికి చేరాక కూడా కనెక్షన్ ఎప్పుడు పెట్టించుకుంటుందో, అసలు పెట్టించుకుంటుందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు.

"బావా, నాకు తెలిసిన హీలరొకడు ఖాళీగా ఉన్నాడు" అన్నాడు సుత్తి. "పిలవనా?"

"వద్దు" అని టైపు చేశాను.

"మరెలా?"

"ఆగుదాం."

"ఎంతసేపు?"

మైకు ఆన్ చేశాను. "తెలియదు" అన్నాను.

ఆవలింత తన విల్లు పక్కన పెట్టాడు. కూర్చోవాలంటే ఏ బటన్ నొక్కాలో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ దాని అవసరం రాలేదు. సుత్తిని అడిగి నొక్కాను. తాబేలు డాలు దించి, గుహ ముందు కూర్చుంది.